కేసు ఉంది సరే, ఏమైంది?

వదిన తెనాలి కోర్టుల్లో ముద్దాయిల తరఫున వాదించే న్యాయవాది. మరిది ఒక దినపత్రికకి విలేకరి. ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు, ఒకే కోర్టు ఆవరణలో తిరిగేవాళ్ళు. పోలీసు స్టేషన్లోనూ క్రిమినల్ కోర్టులోనూ ఉండే కాగితాలు ఎవరికి ఎంతవరకు అందాలన్న దగ్గర మాత్రం ఇద్దరికీ పొసగదు. ఈసారి వాదన ఒక పెళ్ళి సంబంధం దగ్గర మొదలైంది. పిల్లవాడి మీద ఏమైనా కేసులున్నాయేమో చూసిపెట్టమని బంధువులు అడిగారు.

మరిది: ఇందులో ఆలోచించడానికేముంది వదినా? ఈ-కోర్ట్స్ సైటు తెరిచి, రాష్ట్రం, జిల్లా, కోర్టు ఎంచుకుని పేరు కొడితే సరి. ఉంటే బయటపడుతుంది, లేకపోతే నిశ్చింత. కోర్టు బహిరంగంగా నడిచేటప్పుడు దాని లెక్క చూసుకోవడానికి మొహమాటం దేనికి?

వదిన: పేరు కొడితే పేరు దొరుకుతుంది, మనిషి దొరకడు. మన జిల్లాలో వెంకటేశ్వరరావు అని కొట్టి చూడు, ఎంతమంది లేస్తారో! ఒకచోట ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకోచోట ఒక్క అక్షరం ఉంటుంది, మరోచోట అదీ ఉండదు. ఇంగ్లీషులో స్పెల్లింగు కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళ ఇష్టం. తండ్రి పేరు, వయసు, ఊరు సరిపోల్చకుండా ‘వీడే వాడు’ అనేస్తే పాపం ఎవరికి చుట్టుకుంటుంది? పేరు దొరక్కపోయినా నిశ్చింతేమీ లేదు. ఎఫ్.ఐ.ఆర్. కట్టి ఇంకా దర్యాప్తులో ఉన్న కేసు ఆ జాబితాలో కనపడదు. చార్జిషీటు కోర్టుకొచ్చి, పరిశీలన అయ్యి, నంబరు పడ్డాకే కేసుగా ఎక్కుతుంది. ఈలోగా నెలలు గడవచ్చు, ఏళ్ళూ గడవచ్చు.

మరిది: అయితే పేరు ఒక్కటే పట్టుకోకూడదంటారు. మరి దేన్ని పట్టుకోవాలి?

వదిన: స్టేషన్ పేరు, క్రైమ్ నంబరు, సంవత్సరం. ఈ మూడూ ఉంటే తప్పు మనిషి దొరికే ప్రమాదం చాలా తగ్గుతుంది. ప్రతి స్టేషన్లోనూ జనవరిలో క్రైమ్ నంబరు ఒకటి నుంచి మొదలవుతుంది కాబట్టి సంవత్సరం తప్పితే కేసే మారిపోతుంది. ఆ కేసు కోర్టుకొస్తే మళ్ళీ వేరే నంబరు. మేజిస్ట్రేటు విచారించేదైతే సి.సి. నంబరు పడుతుంది. హత్యలాంటిదైతే ముందు మేజిస్ట్రేటు దగ్గర పి.ఆర్.సి. నంబరు, సెషన్స్ కోర్టుకు పంపాక ఎస్.సి. నంబరు. శిక్షపడి అప్పీలుకెళితే హైకోర్టులో క్రిమినల్ అప్పీలు నంబరు. ఒక్క కేసుకి ఇన్ని పేర్లు! ‘ఆ నంబరు కేసు లేదన్నారండీ’ అని తిరిగొచ్చేవాళ్ళలో చాలామంది స్టేషన్ నంబరు పట్టుకుని కోర్టు గుమస్తాను అడిగినవాళ్ళే.

మరిది: సి.ఎన్.ఆర్. నంబరు ఉంటే ఈ గొడవ ఉండదుగా?

వదిన: పదహారు అక్షరాల నంబరది. ఒక్కో కోర్టులో ఒక్కో కేసుకి ఒకటే ఉంటుంది. అది చేతిలో ఉంటే కోర్టు వెతుక్కోనక్కర్లేదు. నా దగ్గరికొచ్చే ప్రతి కక్షిదారుకీ దాన్ని ఫోన్లో రాసిపెట్టుకోమనే చెప్తాను. వాయిదా ఎప్పుడో ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. ఇంకో చిక్కుంది. తెలంగాణలో 2016లో పది జిల్లాలు ముప్పయ్యొకటి అయ్యాయి, తర్వాత ముప్పైమూడు. కోర్టు జిల్లాలు మాత్రం 2022 జూన్ దాకా పదే. ఇక్కడ ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్లో పదమూడు జిల్లాలు ఇరవయ్యారయ్యాయి. కోర్టు జిల్లాలు రెవెన్యూ జిల్లాల వెంటనే మారవు. హైకోర్టు కూడా 2019 జనవరి 1న రెండయింది. కాబట్టి పాత కేసు వెతికేటప్పుడు ఆ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూస్తే చాలదు. కేసు కట్టినప్పుడు ఏ కోర్టు కింద ఉండేదో, తర్వాత ఎక్కడికి బదిలీ అయిందో చూడాలి.

మరిది: మీరు చెప్పేవన్నీ వెతకడంలో కష్టాలు. కష్టమని వెతకడం మానేస్తామా? నేననేది వేరు. స్టేషన్లో ఎఫ్.ఐ.ఆర్. అడిగితే ‘మీకెందుకండీ’ అంటారు. సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో యూత్ బార్ అసోసియేషన్ కేసులో ఏం చెప్పింది? ఎఫ్.ఐ.ఆర్. నమోదైన ఇరవైనాలుగు గంటల్లో పోలీసు వెబ్‌సైట్లో పెట్టాలంది. నెట్ సదుపాయం సరిగా లేని చోట్ల డెబ్బైరెండు గంటల దాకా గడువిచ్చింది. దాచిపెట్టడం పోలీసుల ఇష్టం కాదని తేల్చేసిందిగా!

వదిన: సగం తీర్పు చదివావు. లైంగిక నేరాలు, పిల్లల మీద జరిగే నేరాల పోక్సో కేసులు, ఉగ్రవాదం, తిరుగుబాటు, ఇలాంటి సున్నితమైన వాటిని పెట్టొద్దనీ అందులోనే ఉంది. ఏది సున్నితమో తేల్చాల్సింది డి.ఎస్.పి.కి తగ్గని అధికారి. స్టేషన్ రైటర్ తేల్చేది కాదు. ఇంకా ముఖ్యమైన సంగతి, ఆ తీర్పు ఎవరి కోసమొచ్చిందో చూడు. తన మీద కేసు కట్టారన్న అనుమానం ఉన్నవాడు పోలీసులకి దరఖాస్తు పెట్టుకుంటే ఇరవైనాలుగు గంటల్లో కాపీ ఇవ్వాలి. మేజిస్ట్రేటు కోర్టులో అడిగితే రెండు పనిదినాల్లో ఇవ్వాలి. బెయిలు కోసం తిరిగేవాడు తన మీద ఏం రాశారో తెలియకుండా కొట్టుమిట్టాడకూడదని ఇచ్చిన తీర్పది. పెళ్ళిచూపుల కోసం ఇచ్చింది కాదు.

మరిది: ఎవరికోసం ఇచ్చినా బహిరంగమైంది బహిరంగమే. సి.ఆర్.పి.సి. స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలోనూ 173వ సెక్షను కింద ఫిర్యాది కాపీ ఉచితంగా పొందొచ్చు. ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటున్నాం కదా, అదే. ఇంత విప్పి పెట్టాక దాన్ని చదివే హక్కు నాకుండదా?

వదిన: చదువు, కాదనను. దాన్ని రుజువనుకుని చదవొద్దు. 2013 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఏం చెప్పింది? పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరం ఫిర్యాదులో కనపడితే ఎఫ్.ఐ.ఆర్. కట్టి తీరాల్సిందేనంది. నిజమా అబద్ధమా అని ముందే తేల్చే అధికారం ఎస్.ఐ.కి లేదంది. ప్రాథమిక విచారణకు కొన్ని మినహాయింపులు అప్పుడూ ఉన్నాయి, మూడేళ్ళ నుంచి ఏడేళ్ళలోపు శిక్షపడే నేరాల్లో పద్నాలుగు రోజులు కొత్త చట్టమూ ఇచ్చింది. మొత్తం మీద మంచి తీర్పే. పేదవాడి ఫిర్యాదు చెత్తబుట్టలో పడకుండా కాపాడింది. దాని అర్థం మాత్రం సరిగా చూడు. ఎఫ్.ఐ.ఆర్. ఉందంటే ఎవరో ఫిర్యాదు చేశారని రుజువు, అంతే. విచారించకుండా కట్టాలని ఒక తీర్పు, కట్టింది లోకానికి చూపించాలని ఇంకో తీర్పు. రెండూ కలిపితే పొలం గట్టు తగాదాలో పక్కవాడు ఇచ్చిన కాగితం కూడా మర్నాటికల్లా నెట్లో ఉంటుంది. ఆ కాగితంలో ఉన్న పేరుని మీ పత్రిక మూడో పేజీలో వేస్తుంది.

మరిది: వేస్తాం, ‘ఫిర్యాదులో పేర్కొన్నారు’ అనే వేస్తాం.

వదిన: ఆ మాట ఎవరు చదువుతారు? పేరు చదువుతారు, ఊరు చదువుతారు.

మరిది: సరే, మీ వాదన నుంచే అడుగుతాను. ఎఫ్.ఐ.ఆర్. ఒక పక్షం మాట అన్నారు. చార్జిషీటు అలా కాదుగా? సాక్షుల్ని విచారించి, పంచనామాలు రాసి, ఫోరెన్సిక్ నివేదికలు తెప్పించి, అన్నీ చూశాక పెట్టేది. పచ్చి ఫిర్యాదు నెట్లో పెట్టొచ్చట, దర్యాప్తు చేసి తేల్చింది పెట్టకూడదట. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే అంది. చార్జిషీటు ప్రజాపత్రం కాదంది. ఇదెక్కడి తర్కం వదినా?

వదిన: తర్కంలో మెలిక ఉంది, ఒప్పుకుంటాను. అయినా చార్జిషీటు ఎప్పుడైనా పూర్తిగా చూశావా? సాక్షుల పేర్లు, చిరునామాలు, వాళ్ళు పోలీసులకి చెప్పిన మాటలు, ఫోన్ వివరాలు, గాయాల సర్టిఫికెట్లు అన్నీ దానికి జతపడి ఉంటాయి. ఆ కట్ట నెట్లో పడితే వాయిదా నాటికి సాక్షి కోర్టుకొస్తాడా? మాట మీద నిలబడతాడా? అందుకే ముద్దాయికి ఇస్తారు, లాయరుని పెట్టుకున్న బాధితులకీ ఇవ్వాలని కొత్త చట్టంలో చేర్చారు. వాళ్ళకి అది అవసరం. ఊరందరికీ అవసరం లేదు.

మరిది: ఊరందరి సంగతి వదిలేయండి. కల్తీ సారా తాగి మనుషులు పోయిన కేసుందనుకోండి. అందులో అసలు వ్యాపారి పేరు చార్జిషీటులోంచి జారిపోతే, ఎఫ్.ఐ.ఆర్.లో ఉన్నవాడు చార్జిషీటులో ఎందుకు లేడో అడిగేదెవరు? రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప ఆ ప్రశ్న పుట్టదు. ముద్దాయి అడగడు, తప్పించుకున్నవాడు అసలే అడగడు. అడగాల్సింది పత్రికలే.

వదిన: ఇది నిజమైన మాట. దానికి దారి కూడా ఉంది. కేసుతో సంబంధం లేనివాళ్ళు నకలు కావాలంటే ఎందుకు కావాలో అఫిడవిట్ వేసి కోర్టుని అడగాలి. న్యాయమూర్తి కారణం చూసి అనుమతిస్తే కాపీయింగ్ సెక్షన్లో స్టాంపులు కట్టి తీసుకోవచ్చు. నువ్వు చెప్పిన కారణంతో అడిగితే నీ పక్షాన పిటిషను నేనే వేస్తాను. అయితే ఒక మనిషి బాధ్యత పడి అడగాలి, ఒక జడ్జి చూసి ఇవ్వాలి. నేను పట్టుబట్టేది అంతవరకే.

మరిది: కోర్టుల్లో ఆ అనుమతి తెచ్చుకునేసరికి వార్త పాచిపోతుంది. అందుకే మేం సమాచార హక్కు చట్టం పట్టుకున్నాం. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. ఎందుకడుగుతున్నావని ప్రశ్నించే హక్కు కూడా వాళ్ళకి లేదు.

వదిన: కోర్టు కాగితాలకు ఆ దారి మూసేశారు. 2020 మార్చిలో గుజరాత్ హైకోర్టు నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నకళ్ళు ఇవ్వడానికి హైకోర్టు నియమాలు ఉన్నప్పుడు వాటి ప్రకారమే తీసుకోవాలి, సమాచార హక్కు కింద కాదు అంది. పోలీసు కాగితాలకైతే దారి ఉంది, ఇరుగ్గా ఉంది. దర్యాప్తుకి ఆటంకమని 8(1)(హెచ్) కింద తిప్పికొడతారు.

మరిది: ఊరికే తిప్పికొట్టడానికి వీల్లేదు. దర్యాప్తు జరుగుతోందన్న ఒక్క మాట చాలదు, ఇస్తే ఎలా ఆటంకమో చూపించాలని ఢిల్లీ హైకోర్టు 2007లోనే చెప్పింది. నేను అప్పీలుకెళ్ళినప్పుడల్లా రాసేది అదే. అసలు దెబ్బ ఇంకోవైపు నుంచి పడింది. 2023 డేటా రక్షణ చట్టంతో 8(1)(జె)ని కత్తిరించారు. వ్యక్తిగత సమాచారమైనా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న మాట ఆ క్లాజులోంచి తీసేశారు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చన్న 8(2) మిగిలింది కాబట్టి ఊపిరి ఉంది. రేపు సస్పెండైన ఎస్.ఐ. మీద విచారణ నివేదిక అడిగినా వ్యక్తిగతమనే అంటారు. గోప్యత అంటూ మీరు కట్టే గోడ సామాన్యుణ్ణి కాపాడుతుందని మీరనుకుంటున్నారు. దాని వెనక దాక్కునేది అధికారి.

వదిన: అధికారి తన ఉద్యోగంలో చేసిన పనికి గోప్యత లేదు. అక్కడ నీతో కలిసి దరఖాస్తు రాస్తాను. కానీ నువ్వు రాబట్టాల్సినవి ఇంకా ఉన్నాయి. ఈ స్టేషన్లో ఏడాదిలో ఎన్ని కేసులు కట్టారు? ఎన్నింటిలో చార్జిషీటు వేశారు? ఎన్నింటిని ‘మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్’ అని, ‘ఆచూకీ దొరకలేదు’ అని మూసేశారు? మూసేసినట్టు ఫిర్యాదికి నోటీసిచ్చారా? ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద కట్టినవాటిలో శిక్షపడ్డవెన్ని? ఇవన్నీ సమాచార హక్కు కింద అడగొచ్చు. ఒక్క పేరూ అక్కర్లేదు. కోర్టుల్లో ఎన్ని కేసులు ఎన్నేళ్ళుగా పెండింగులో ఉన్నాయో నేషనల్ జుడీషియల్ డేటా గ్రిడ్‌లో జిల్లాలవారీగా చూపిస్తున్నారు. ఆ లెక్కలు మీ జిల్లా పేజీలో ఎంత తరచుగా వేస్తారు? ఫలానా ఊరి కుర్రాడు తాగి బండి నడిపాడన్నది మాత్రం ఫోటోతో సహా వేస్తారు.

మరిది: లెక్కలు జనం చదవరు, వదినా. మనిషి కనపడితేనే కథ చదువుతారు. చుండూరు తీసుకోండి, మనకి పక్కనే. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారు. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేశారు. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. దాని మీద సుప్రీంకోర్టుకి వెళ్ళారు. కింది కోర్టు ఏ సాక్ష్యం నమ్మి శిక్ష వేసిందో, హైకోర్టు అదే సాక్ష్యాన్ని ఎందుకు నమ్మలేదో పక్కపక్కన పెట్టి చదవగలిగాం కాబట్టే దాని మీద ఇంత చర్చ జరిగింది. ‘విడుదలైనవాళ్ళ పేర్లు తీసేయాలి, తీర్పులు వెనక్కి పెట్టేయాలి’ అన్న వాదన అప్పుడే నెగ్గి ఉంటే చుండూరులో ఏం జరిగిందో రేపటి పిల్లలు ఎలా తెలుసుకుంటారు?

వదిన: చుండూరు తీర్పుల్లో ఒక్క అక్షరం కూడా చెరపకూడదు. అది ఊరి చరిత్ర, దేశ చరిత్ర. కానీ నువ్వు ఒక కేసు చెప్పావు కాబట్టి నేనూ ఒకటి చెప్తాను. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. పేరు చెప్పను. లైంగిక నేరంతో ముడిపడ్డ అలాంటి కేసుల్లో బాధితురాలు చనిపోయినా పేరు బయటపెట్టకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పెడితే ఐ.పి.సి. స్థానంలో వచ్చిన న్యాయ సంహిత 72వ సెక్షను కింద రెండేళ్ళ దాకా జైలు. ఆ కేసులో ఒక యువకుణ్ణి పట్టుకున్నారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అంది. అప్పటికి ఎన్నేళ్ళు లోపలున్నాడో లెక్కేసుకో. 2010 తీర్పు చదివి ఆగినవాడికి అతను హంతకుడు. అది కూడా కోర్టు కాగితమే, జడ్జి సంతకం ఉన్నదే. ఎఫ్.ఐ.ఆర్. సంగతి అలా ఉంచు, తీర్పు దగ్గర ఆగినా తప్పే కావచ్చు. అప్పీలు దాకా చూడాలి.

మరిది: చూడండి, మీరే నా వాదన గెలిపించారు. 2017 తీర్పు అందరికీ దొరకడం వల్లే అతను నిర్దోషి అని లోకానికి తెలిసింది. దాచి ఉంటే 2010 నాటి పత్రికలే మిగిలేవి. మనిషి పరువు కాపాడాలంటే కాగితం మూసేయకూడదు, చివరి కాగితం కూడా తెరవాలి.

వదిన: పేరున్న కేసు కాబట్టి చివరి కాగితం కూడా వార్త అయింది. చిన్న కేసుల్లో అలా జరగదు. నా కక్షిదారుల్లో చాలామంది మీద ఉండేవి కొట్లాట కేసులు, వరకట్న కేసులు, చెక్కు బౌన్సులు. లోక్ అదాలత్‌లో రాజీ పడతారు. రాజీకి వీలున్న నేరంలో రాజీ పడితే చట్టం దృష్టిలో నిర్దోషిగా విడుదలైనట్టే. ఆ సంగతి ఏ పత్రికలో వచ్చింది? పేరు కొడితే అరెస్టు వార్త పైన ఉంటుంది, విడుదల సంగతి ఎక్కడా ఉండదు. అందుకే విడుదలైనవాళ్ళు కోర్టులకెక్కి, మా పేర్లు తీర్పుల్లోంచి మరుగుచేయమని అడుగుతున్నారు. 2024 ఫిబ్రవరిలో మద్రాస్ హైకోర్టు ఒకరి విషయంలో ఒప్పుకుంది. జులైలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపేసింది.

మరిది: నిలిపేయడమే మంచిదంటాను. పేరు తీసేసిన తీర్పులు నాలుగు పోగైతే, డబ్బున్నవాడు ప్రతి కేసులోనూ అదే అడుగుతాడు.

వదిన: నేను తీర్పు తీసేయమనడం లేదు. పేరుతో వెతికే వీలు తీసేయమంటున్నాను. కేసు నంబరుతో, స్టేషన్‌తో, సెక్షన్‌తో ఎంతైనా వెతుక్కో. పేరు కొట్టి మనిషి జాతకం లాగే సదుపాయం దేనికి? దాన్ని వాడేది ఎక్కువగా అప్పులిచ్చే కంపెనీలూ, ఉద్యోగుల పూర్వాపరాలు తవ్వే ఏజెన్సీలూ.

మరిది: మీరు కోర్టు లోపల నిలబడి చూస్తున్నారు, వదినా. గేటు బయట నిలబడి చూడండి. కొడుకుని పోలీసులు పట్టుకెళ్ళారని శ్రీకాకుళం నుంచి వచ్చిన తల్లికి క్రైమ్ నంబరు తెలుస్తుందా? సెక్షను తెలుస్తుందా? ఏ కోర్టులో పెట్టారో తెలుస్తుందా? ఆమెకి తెలిసింది ఒక్క పేరే. హైదరాబాదులో మేస్త్రీ పని చేసే పాలమూరు కూలీ, గల్ఫ్ నుంచి తిరిగొచ్చి పాత వారంటు ఉందేమోనని భయపడే జగిత్యాల మనిషి, వీళ్ళంతా పేరుతోనే వెతుక్కుంటారు. ఆ సదుపాయం తీసేస్తే ఉన్నవాడు లాయరుని పంపి కనుక్కుంటాడు, లేనివాడు దళారీ చేతిలో పడతాడు.

వదిన: ...ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. జైలు గేటు దగ్గర ‘మీవాడి కేసు నంబరు కనుక్కుని పెడతాను, అయిదొందలివ్వు’ అనేవాళ్ళని నేనూ చూశాను. సరే, పేరుతో వెతకడం ఉండనీ. అయితే షరతు పెడతాను. పేరు కనపడిన చోటే ఫలితం కూడా కనపడాలి. కొట్టేశారా, రాజీ అయ్యారా, విడుదలయ్యాడా, అప్పీలులో ఏమైందో అన్నీ అక్కడే ఉండాలి. ఇప్పుడు కింది కోర్టు కేసు ఒకచోట, హైకోర్టు అప్పీలు ఇంకోచోట వెతుక్కోవాలి. పోలీసు సైట్లో ఎఫ్.ఐ.ఆర్. పెడతారు. ఆ కేసుని పోలీసులే అబద్ధమని మూసేస్తే ఆ ఎఫ్.ఐ.ఆర్. పక్కన ఆ మాట ఎందుకు రాయరు?

మరిది: దీనికి నేను సంతకం పెడతాను. కానీ పోలీసులు తమంతట తాము రాసుకునే రికార్డులు కూడా తెరవాలంటాను. రౌడీషీట్లు తెరవమని ఎప్పటినుంచో అడుగుతున్నాం. ఎవరి మీద ఎందుకు తెరిచారో, ఎందుకు మూయలేదో ఎవరికీ తెలీదు.

వదిన: ఆ జాబితా నెట్లో పెడితే ఏమవుతుందో ఆలోచించు. ఒక్క కేసులోనూ శిక్ష పడనివాడి పేరు మీద కూడా షీటు ఉండొచ్చు. అది కోర్టు తీర్పు కాదు, పోలీసుల అనుమానం. 2024 మే నెలలో, ఇలాంటివే అయిన ఢిల్లీ హిస్టరీషీట్ల కేసులో సుప్రీంకోర్టు అది పోలీసుల లోపలి కాగితమనీ, బయట పెట్టేది కాదనీ చెప్పింది. అందులో పిల్లల వివరాలు రాయొద్దనీ చెప్పింది. కేస్ డైరీ అయితే ముద్దాయికే చూపించరు. అడగాల్సింది జాబితా కాదు. ఎన్ని షీట్లున్నాయి, ఎన్నేళ్ళకోసారి సమీక్షిస్తున్నారు, ఏటా ఎన్ని మూశారు అని అడుగు. షీటు ఉన్నవాడికి మాత్రం అది ఎందుకు ఉందో తెలియాలి. ఆ హక్కు కోసం నేను కోర్టులో పోట్లాడతాను.

మరిది: పిల్లలు చేసిన నేరాల సంగతిలో మాత్రం మీతో తగువు లేదు. జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పిల్లల పేరు వేయకూడదు. అప్పీలు గడువు దాటాక ఆ రికార్డే ధ్వంసం చేయాలి. పదహారు దాటి ఘోరమైన నేరం చేసిన కొందరికి తప్ప అందరికీ వర్తిస్తుంది. మాకు ఆఫీసులో చెప్పిన మొదటి పాఠం అదే.

వదిన: నీతో తగువులేని చోటు నా దగ్గరా ఒకటుంది. ఓట్లడిగేవాడికి గోప్యత లేదు. నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్లో తన మీదున్న ప్రతి కేసూ ఎఫ్.ఐ.ఆర్. నంబరుతో, కోర్టు పేరుతో, సెక్షన్లతో రాయాలి. సుప్రీంకోర్టు 2018లోనే ఇచ్చిన ఇంకో తీర్పు ప్రకారం పత్రికల్లోనూ టీవీల్లోనూ మూడుసార్లు ప్రకటించాలి. 2020 ఫిబ్రవరి తీర్పు ప్రకారం, కేసులున్నవాడికి టికెట్టు ఎందుకిచ్చారో పార్టీ కారణం చెప్పాలి, గెలుస్తాడని ఇచ్చామనడం చెల్లదు. నువ్వు పేర్లతో వెతకాలనుకుంటే అక్కడ మొదలుపెట్టు. అఫిడవిట్లో రాసిన నంబర్లు పట్టుకుని ఈ-కోర్ట్స్‌లో చూడు. రాయకుండా వదిలేసినవి ఉన్నాయేమో చూడు. అక్కడ కూడా ఫలితం దాకా రాయి. రాజకీయ నాయకుల మీద ధర్నా కేసులూ ఉంటాయి, హత్య కేసులూ ఉంటాయి. రెండూ ఒకే అంకెలో కలిపి ‘పది కేసులున్న నేత’ అంటే అది కూడా వంచనే.

మరిది: మరి మన బంధువులకేం చెప్దాం? పిల్లవాడి పేరు వెతకొద్దని చెప్తారా?

వదిన: వెతకమనే చెప్తాను, ముందు అతన్ని అడగమని చెప్తాను. చాటుగా తవ్వినదానికంటే మొహం మీద అడిగినదే మేలు. పెళ్ళికి ముందు జాతకం అడిగేవాళ్ళకి ‘మీ మీద కేసులేమైనా ఉన్నాయా బాబూ’ అని అడగడానికి సిగ్గెందుకు? విదేశీ ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళు పాస్‌పోర్టు సేవా కేంద్రంలో అయిదువందలు కట్టి పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. స్థానికంగానూ పోలీసులే ఇస్తారు. ఎవరి సర్టిఫికెట్ వాళ్ళే అడిగి తెచ్చుకుంటారు కాబట్టి పేరు మారి ఇంకొకరి కేసు అంటుకోదు. కేసు ఉందని అతనే చెబితే నంబరు తీసుకుని చివరిదాకా చూద్దాం. దాచి ఉంటే, ఆ దాచడమే మనకు తెలియాల్సిన సంగతి. ఉద్యోగాల విషయంలో 2016లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా దాదాపు ఇదే. కేసు ఎంత చిన్నది, ఏమైంది, దరఖాస్తులో నిజం చెప్పాడా దాచాడా అన్నవన్నీ చూసి నిర్ణయించమంది. కేసు ఉందన్న ఒక్క మాట మీద తోసేయమనలేదు.

మరిది: అంటే గోప్యత, బహిరంగం అన్న మన తగువు తేలనట్టేనా?

వదిన: తేలాల్సింది తేలింది. విడుదలైనవాడి పేరు తీర్పులో ఉండాలా వద్దా అన్నది తేలలేదు. నువ్వు ఉండాలంటావు, పేరున్న పెద్ద కేసుల్లో తప్ప మిగతావాటిలో అతను అడిగితే తీసేయాలంటాను నేను. ఆ సంగతి సుప్రీంకోర్టు చూసుకుంటుంది. మిగతాదానికి కోర్టు అక్కర్లేదు. అరెస్టు వార్త వేసిన పత్రిక, ఆ కేసు తేలిన రోజున అదే పేజీలో, అంతే పొడుగు వార్త వేయాలి. అంతవరకు చెయ్యగలవా?

మరిది: నా చేతిలో ఉన్నంతవరకు వేస్తాను. నా ప్రాంతంలో నేను రాసిన ప్రతి అరెస్టుకీ క్రైమ్ నంబరు, సి.ఎన్.ఆర్. నంబరు రాసిపెట్టుకుంటే వాయిదాలు వెతకడం కష్టమేమీ కాదు. ఎడిటరు చోటివ్వకపోతే మాత్రం మీరు ఆయనతో వాదించాలి.

వదిన: వాదిస్తాను, ఫీజు లేకుండా.

ఇది చదివేవాళ్ళకి ఇద్దరి తరఫునా ఒక మాట. మీ మీదో, మీవాళ్ళ మీదో కేసు ఉంటే స్టేషన్, క్రైమ్ నంబరు, సంవత్సరం, సి.ఎన్.ఆర్. నంబరు ఇవాళే రాసిపెట్టుకోండి. ఇంకొకరి కేసు వెతకాల్సి వస్తే పేరుతో పాటు తండ్రి పేరూ ఊరూ సరిపోల్చండి, జాబితాలో చివరి వరుస దాకా, అప్పీలు దాకా చదవండి. అంత ఓపిక లేకపోతే ‘వాడి మీద కేసుందట’ అన్న మాట నోటి నుంచి రానివ్వకండి.